పరుపులో ఒకటే గుంట

“ఆ రాత్రి మీరు మీ ఆయన పక్కనే పడుకున్నారా, లేదా?”

ఇన్‌స్పెక్టర్ ఈ ప్రశ్న వేయడం అది మూడోసారి. పరుపుల కొట్టాయన భార్య మూడోసారీ అదే జవాబు చెప్పింది. పక్కనే పడుకున్నానంది, ఏ చప్పుడూ వినలేదంది, తెల్లవారి లేపబోతే ఒళ్ళు చల్లగా తగిలిందంది. చెబుతున్నంతసేపూ ఆవిడ చూపు గచ్చు మీదే ఉంది. అబద్ధమాడేవాళ్ళు కొందరు ఎదుటివాడి కళ్ళల్లోకి చూసి మరీ ఆడతారు. పాపం, ఈవిడకి అదీ చేతకాలేదు.

ఆ అబద్ధం ఎక్కడికి దారి తీస్తుందో ఆవిడకి తెలియక కాదు. భోజనాల వేళ దాటాక లేడీ కానిస్టేబుల్ జీపులో వస్తుందనీ, ఈలోగా నోరు విప్పకపోతే మొగుణ్ణి చంపిన నేరం మీద తీసుకుపోతాననీ ఇన్‌స్పెక్టర్ పొద్దున్నే చెప్పేశాడు. అతని దగ్గరున్న సరుకు తక్కువేమీ కాదు. పోయినాయన రక్తంలో నిద్రమందు ఉందని ఆసుపత్రివాళ్ళు తేల్చారు. ఊపిరాడక పోయాడని కూడా అన్నారు. మెడ మీద వేలిముద్ర గానీ ఒంటి మీద గీత గానీ లేదు కాబట్టి, మందు పెట్టి దిండుతో నొక్కేసిందని అతను తీర్మానించుకున్నాడు. పైగా ఎదురింటి వాచ్‌మన్ ఆ తెల్లవారుజామున ఆవిడ కింద కొట్టు షట్టరు ఎత్తుకుని బయటికి రావడం, అటూ ఇటూ చూసుకుని గబగబా మేడమెట్లు ఎక్కడం కళ్ళారా చూశాడు.

“మొగుడి పక్కన పడుకున్న మనిషి తెల్లారేసరికి కొట్లోంచి ఎలా వచ్చిందమ్మా? కొట్లో ఎవరున్నారు?”

కొట్టు తాళాలు ఇంకెవరి దగ్గర ఉంటాయో ఇన్‌స్పెక్టర్ అడగలేదు గానీ, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ మరిది వైపు తాపీగా ఒక చూపు చూశాడు. ఆ చూపులో ఉన్న మాట ఆ గదిలో అందరికీ అర్థమైంది. మరిది మొహం మాడిపోయింది. వదినగారు చీర కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంది.

మూల స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నవాడు డిటెక్టివ్. డిపార్టుమెంటులో పనిచేసిన రోజుల్లో అతన్ని పిల్లి అనేవారు, నడిస్తే చప్పుడు కాదని. ఉద్యోగం వదిలి సొంత ఆఫీసు పెట్టుకున్నా ఆ పేరు మాత్రం వదల్లేదు. నిన్న సాయంత్రం ఈ మరిదే ఆఫీసుకి వచ్చి, మా వదిన అన్నెంపున్నెం ఎరగని మనిషి, ఎలాగైనా కాపాడండి సార్ అని చేతులు పట్టుకున్నాడు. ఇక ఇన్‌స్పెక్టర్ సంగతి చెప్పాలంటే, అతనికీ వెనకాల ఒక పేరుంది: ఇస్త్రీ. చొక్కా మడత నలగకుండా నేరస్థుణ్ణి పట్టుకోగలిగితేనే పట్టుకుంటాడని డిపార్టుమెంటులో నవ్వుకునేవారు. ఇద్దరూ ఒకే బ్యాచ్. ఒకరంటే ఒకరికి పడదు.

పడకగది ఒకసారి చూస్తానని డిటెక్టివ్ అడిగాడు. చూసుకో గురూ, నేను మూడు రోజుల కిందటే చూసేశానని ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఊపాడు.

గది చిన్నది. ఒక డబుల్ మంచం, ఒక బీరువా, కిటికీ పక్కన కుర్చీ. మంచం మీద రెండు దిండ్లు. దుప్పటి లాంఛనంగా పరిచి ఉంది. డిటెక్టివ్ దుప్పటి తీసి పక్కన పెట్టి, పరుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను పరుపు అంచుతో సమానంగా పెట్టి అడ్డంగా చూశాడు.

అది పోయినాయన తన చేత్తో కుట్టుకున్న పరుపు. కింద కొబ్బరిపీచు, పైన దూది. ఏళ్ళ తరబడి వాడినది. అలాంటి పరుపు మీద ఇద్దరు మనుషులు పడుకుంటే రెండు గుంటలు పడతాయి. ఇక్కడ పడింది ఒకటే. అదీ ఓ పక్కన కాదు, నట్టనడుమ. ఈ మంచం మీద చాలా కాలంగా ఒక్క మనిషే పడుకుంటున్నాడని ఆ గుంట నోరు తెరిచి చెబుతోంది.

డిటెక్టివ్ అరచెయ్యి పెట్టి ఆ గుంటని తడిమాడు. నడుం దగ్గర పెద్ద లోతు లేదు. లోతంతా రెండు చోట్ల ఉంది, భుజం ఆనే దగ్గర ఒకటి, తుంటి ఆనే దగ్గర ఒకటి. అంటే ఆయన ఎప్పుడూ పక్కకి ఒత్తిగిలే పడుకునేవాడు. కానీ పోలీసులు తీసిన ఫొటోలో ఆయన వెల్లకిలా ఉన్నాడు. ఒంటి మీద తెల్లటి గంజిపెట్టిన చొక్కా, ఒక గుండీ పక్క కాజాలో పెట్టి ఉంది. రాత్రంతా పడుకున్న మనిషి చొక్కా మీద ఒక్క ముడత లేదు. పాపం, మన ఇస్త్రీకి ఇస్త్రీ చొక్కాలో తప్పేం కనపడుతుంది.

అంతా బాగానే పట్టుకున్నాడు డిటెక్టివ్. మెచ్చుకోవలసిందే. కానీ ఆ సమయంలో అతని మొహం చూసినవాళ్ళెవరూ మెచ్చుకునేవాళ్ళు కాదు. ఆ ఒంటరి గుంట మీద చెయ్యి పెట్టినప్పుడు అతనికి గర్వం కలగలేదు. సిగ్గేసింది. ఎందుకంటే అచ్చం ఇలాంటి గుంట, ఇలాగే నట్టనడుమ, తన ఇంట్లో తన మంచం మీద కూడా ఉంది.

లోకానికంతా పిల్లి. పడుకుంటే మాత్రం గోడలు అదురుతాయి. గుర్రు గుర్రుమని మొదలై, మధ్యలో టక్కున ఆగి, ఇక ఈ మనిషి లేవడేమో అనుకునేంతసేపు ఆగి, ఆపైన ఎవరో నీళ్ళల్లోంచి పైకి లాగినట్టు గుడగుడమంటూ మళ్ళీ మొదలవుతుంది. పెళ్ళాం చాలా ఏళ్ళు ఓర్చుకుంది. చివరికి దిండు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. డాక్టరుకి చూపించుకోండని ఎన్నిసార్లు చెప్పినా అతను కస్సుమన్నాడు. ఊరందరి గుట్లూ లాగే మనిషికి తన గుట్టు ఒకటి బయటపడుతుందంటే ప్రాణం మీదికొచ్చినట్టుండేది. చుట్టాలిళ్ళకి వెళ్ళినా రాత్రికి ఉండేవాడు కాదు.

అలాంటిది ఈ ఆదివారం నుంచి ఏమైందో ఏమో, గురక తగ్గిపోయింది. భార్యే చెప్పింది. దిండు తెచ్చుకుని మళ్ళీ గదిలో పడుకుంటోంది కూడా. పొద్దున లేస్తే తల కాస్త దిమ్ముగా ఉంటోంది గానీ, ఇన్నేళ్ళకి గాఢనిద్ర పట్టిందని అతను సంబరపడ్డాడు. అయితే ఇంటికి గురక రాశిపెట్టి ఉన్నట్టుంది, నిన్ననే మామగారు దిగారు. హాల్లో ఆయన పెట్టిన గురకకి పై వాటావాళ్ళు పొద్దున్నే వచ్చి మొహమాటంగా తలుపు కొట్టారు. భార్య సిగ్గుతో చచ్చిపోయింది. దారం చుట్టిన కళ్ళజోడు పుల్లని చెవి వెనక సర్దుకుంటూ, నాన్న మధ్యాహ్నం నిద్ర సంగతి నేను చూసుకుంటాలెండి, మీరు వెళ్ళిరండని అతన్ని పంపించింది. ఆ కళ్ళజోడు బాగుచేయించి తెస్తానని రెండు నెలలుగా అంటున్నాడు. ఇవాళా మర్చిపోయాడు.

అలా ఇంటినుంచి ఇక్కడికి వచ్చే దారిలో అతను గొంతు డాక్టరు దగ్గర ఆగాడు. ఒంటి మీద గీత లేకుండా ఊపిరెలా ఆగుతుందో తెలుసుకోవాలి, కేసు పని మీదేనని ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు. డాక్టరు నమ్మినట్టే తలూపి, అతని లావుపాటి మెడ వంక మాత్రం రెప్పవేయకుండా చూశాడు. 

ఆయన చెప్పింది ఇది. ముక్కు దారికి ఎముక కాపు. ఊపిరిగొట్టానికి గట్టి రింగుల కాపు. ఈ రెంటికీ నడుమ, నాలుక వెనక, వేలెడంత దారి ఉంది. అక్కడ ఎముకా లేదు, రింగూ లేదు. దాన్ని తెరిచి పట్టుకునేవి కండలే. డేరాని నాలుగు వైపుల నుంచీ తాళ్ళు లాగిపట్టినట్టు, గొంతు కండలు ఆ దారిని లాగిపట్టి ఉంచుతాయి. నాలుక కింది కండ అన్నిటికంటే పెద్ద తాడు. నాలుకని ముందుకి లాగి, వెనక్కి జారకుండా చూస్తుంది. మెలకువలో అవన్నీ బిగువుగా ఉంటాయి. నిద్రలో అందరికీ కాస్త వదులవుతాయి, కొందరికి మరీ వదులవుతాయి. వెల్లకిలా పడుకుంటే నాలుక బరువు కూడా వెనక్కే. దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుంటే నిశ్శబ్దం. అప్పుడు మెదడు కంగారుపడి మనిషిని రవ్వంత లేపుతుంది, కండలు బిగుస్తాయి, దారి తెరుచుకుంటుంది. ఆ గుడగుడ అదే. మనిషికి తెలియకుండా రాత్రంతా ఇదే కథ.

“అలాంటి మనిషికి నిద్రమందు పెడితే?” అని డిటెక్టివ్ అడిగాడు.

“కండలు ఇంకా జారిపోతాయి, లేపాల్సిన మెదడేమో లేవదు. అందరూ పోతారనను. కానీ బాగా ముదిరిన మనిషైతే, అదీ వెల్లకిలా ఉంటే, దిండు అక్కర్లేదు, చెయ్యీ అక్కర్లేదు. గురక ఆగిందని పక్కవాళ్ళు సంతోషిస్తూ ఉంటారు, లోపల ఊపిరి ఆగిపోతుంది.” డాక్టరు పెన్ను మూత పెట్టి, “ఇంతకీ మీరెలా పడుకుంటారు?” అన్నాడు. డిటెక్టివ్ ఆలస్యమవుతోందని లేచి వచ్చేశాడు.

ఇప్పుడు పరుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని అతను ఆ మాటలన్నీ కూడుకున్నాడు. ఈవిడ దాస్తున్నది ప్రియుణ్ణి కాదు. గురకని. ఆ సంగతి ఆవిడ నోటితో రాబట్టాలి. బెదిరిస్తే రాదని మూడుసార్లు తేలిపోయింది.

అతను ఆవిడని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. తను నిలబడే ఉన్నాడు. ఎంతమంది దొంగల చేత నిజం కక్కించాడో లెక్కలేదు గానీ, తన నిజం ఒకటి బయటపెట్టడం ఇంత కష్టమనుకోలేదు.

“అమ్మా, మా ఇంట్లో మంచం మీద కూడా ఒకటే గుంట ఉంది,” అన్నాడు చివరికి. “మా ఆవిడ ఏళ్ళ తరబడి హాల్లో పడుకుంది. నా గురక భరించలేక. ఇప్పటిదాకా ఈ మాట నేనెవరికీ చెప్పలేదు.”

ఆవిడ తలెత్తింది. ఆ పొద్దున్నుంచీ మొదటిసారి ఒక మనిషి మొహంలోకి చూసింది. అక్కడ తనకి తెలిసిన సిగ్గే కనపడింది కాబోలు, కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

ఆ తర్వాత అడగవలసిన అవసరం లేకపోయింది. పరుపులు అమ్మే ఇల్లు కదా అన్నయ్యగారూ, అని మొదలుపెట్టింది. వచ్చిన ప్రతివాళ్ళకీ, మా వారు ఈ పరుపు మీదే పడుకుంటారండీ, పడుకుంటే తెల్లారిందాకా కదలరండీ అని నవ్వుతూ చెప్పింది ఆవిడే. అలాంటాయన రాత్రంతా ఊపిరందక కొట్టుకుంటాడని తెలిస్తే ఎవరు కొంటారు? అందుకని ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంచుకున్నారు. రాత్రి కొట్టు మూశాక ఆవిడ కిందికి దిగి, అమ్మకానికి పెట్టిన పరుపు మీద, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా, కరకరమంటున్న ఆ కవరు మీదే పడుకునేది. తెల్లవారుజామున తడిగుడ్డతో తుడిచి, ఎవరూ చూడకుండా మేడెక్కేది. 

“నేను వాడిన పరుపుని కొత్తదని అమ్మాను. ఒకటి కాదు, ఎన్నో. అది చెప్పమంటారా ఆ ఇన్‌స్పెక్టరుకి?” అని కళ్ళు తుడుచుకుంది.

ఇంకో మాట ఆవిడ మంచం వంక చూస్తూ చెప్పింది. రోజూ పైనుంచి ఆయన గురక కొట్టు కప్పులోంచి వినపడేదట, ఈ వారంగా కాస్త తగ్గినా. ఆ రాత్రి అసలు వినపడలేదట. “ఏమైందో చూద్దామని లేవలేదండీ. అబ్బ, ఇవాళ హాయిగా ఉందనుకున్నా. అటు తిరిగి పడుకున్నా. ఆయన పోతుంటే నేను సంతోషించానండీ.” 

డిటెక్టివ్ మెల్లగా చొక్కా సంగతి అడిగాడు. పోలీసులు రాకముందు ఆయన చొక్కా మార్చింది మీరే కదా?

తనేనంది. ఆయన వెల్లకిలా తిరగకుండా ఉండాలని, రాత్రిపూట వేసుకునే బనీనుకి వీపు మీద జేబు కుట్టి అందులో గట్టి రబ్బరు బంతి పెట్టిందట. తిరగబోతే బంతి ఒత్తుకుని మళ్ళీ పక్కకి ఒత్తిగిలేవాడు. ఏడాదిగా దానితోనే ఏదో గడుస్తోంది. చచ్చిపోయిన మనిషిని నలుగురూ ఆ బంతి బనీనులో చూస్తే నవ్వుతారని, ఏడుస్తూనే ఆ బనీను విప్పి మంచి చొక్కా తొడిగింది. విప్పిన బనీనుని ఎవరి కంటా పడకుండా కింద ఒక పరుపులో పెట్టి కుట్టేసింది. చెత్తబుట్టలో పడెయ్యడం, తగలబెట్టడం ఆవిడకి తోచనేలేదు. ఆ ఇంట్లో ఏది దాచాలన్నా పరుపులోనే దాస్తారు.

“అబ్బో, పిల్లికి కూడా గురకే?” 

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో తెలియదు. పెదాల మీద నవ్వు చూస్తే మొదటినుంచీ విన్నట్టే ఉంది. డిటెక్టివ్‌కి తలకొట్టేసినట్టయింది. ఈ మాట సాయంత్రానికి స్టేషన్లన్నీ చుట్టి వస్తుందని అతనికి తెలుసు. చెవులు వేడెక్కాయి. అయినా, విన్నావు కదా, ఇక కిందికి పద, ఆ బనీను చూద్దాం అన్నాడు.

కొట్లో పరుపులు గోడవారగా నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ వెనక వరసలోంచి ఒక సింగిల్ పరుపు లాగింది. మరిది సాయం పట్టబోయి ఎందుకో ఆగిపోయాడు. ఆవిడ బ్లేడుతో అంచు కుట్లు నాలుగు తెంపి, లోపలికి చెయ్యి పెట్టి చారల బనీను బయటికి తీసింది. వీపు మీద గుండ్రటి జేబు. చూడగానే నవ్వొచ్చే వస్తువే. ఎవరూ నవ్వలేదు, ఇన్‌స్పెక్టర్ తప్ప.

“గురక పెట్టేవాళ్ళందరూ చస్తే ఊళ్ళో సగంమంది మిగలరు పిల్లీ. నువ్వు బతికే ఉన్నావుగా? ఈవిడ బంతి పెట్టిందనీ, మొగుడంటే ప్రేమనీ నన్ను నమ్మమంటావు. మరి అదే బంతి వీపు మీదుంటే ఆయన వెల్లకిలా ఎలా తిరిగాడు? రక్తంలోకి నిద్రమందు ఎలా వచ్చింది? అది ప్రేమా?”

ఆ ప్రశ్న బాగుంది. ఒప్పుకోవలసిందే. డిటెక్టివ్ ఆ జేబుని రెండు వేళ్ళతో నొక్కాడు. వేళ్ళు సుతారంగా లోపలికి దిగిపోయాయి. మళ్ళీ నొక్కి, ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు. ఇన్‌స్పెక్టర్ నొక్కి చూసి నవ్వు ఆపేశాడు.

జేబు విప్పితే లోపల రబ్బరు బంతి లేదు. కత్తెరతో గుండ్రంగా కోసిన స్పాంజి ముద్ద ఉంది. పైకి చూస్తే బంతే. మీద పడుకుంటే మాత్రం అణిగిపోతుంది.

“నేను కుట్టింది ఇది కాదండీ,” అంది ఆవిడ, ఆ ముద్దని అటూ ఇటూ తిప్పి చూస్తూ. తర్వాత జేబు అంచున దారం చివర పట్టుకుని ఇంకాసేపు చూసింది. “ముడి కూడా నాది కాదు.”

అది లాగినకొద్దీ బిగిసే జారుముడి. పరుపు నడుమ దూది కదలకుండా దబ్బనంతో అటు నుంచి ఇటు గుచ్చి వేసే ముడి. చేతికి అలవాటైతే బొత్తం కుట్టినా, సంచీ కట్టినా అదే పడుతుంది. ఆవిడ బేరాలు చూసుకునేదే గానీ దబ్బనం పట్టలేదు. ఆ ఇంట్లో ఆ ముడి వేసే చేతులు రెండు జతలే. ఒక జత మూడు రోజుల కిందట చల్లబడిపోయింది. వీపు మీద జేబుని తొడుక్కున్నవాడే కుట్టుకోలేడు కదా అనుకున్నా, బనీను విప్పి కుట్టుకోవచ్చు. అందుకని డిటెక్టివ్ ఎవరి పేరూ ఎత్తలేదు. ఊరికే మరిది చేతుల వంక చూశాడు. 

మరిది ఆ చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు. పరుపుల దొంతర మీద కూలబడ్డాడు.

“చంపాలని కాదు వదినా. అన్నయ్యే అడిగాడు.”

ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది. అతను గురక మందు అమ్ముతున్నాడు. తెల్లటి పొడి, వారానికి సరిపడా చిన్న పొట్లాలు. ఊళ్ళు తిరిగే ఏజెంటు ఒకడు తెచ్చి ఇస్తాడు. అందులో ఏముందో ఇతను అడగలేదు. పరుపుల కొట్లో ఆ బేరం తేలిక. పరుపు బాగాలేకే మొగుడు గురక పెడుతున్నాడనుకుని వచ్చే ఆడవాళ్ళు కొందరు. పాత డబుల్ పరుపు ఇచ్చేసి రెండు సింగిల్‌వి అడిగేవాళ్ళు కొందరు. రెండు సింగిల్‌వి అడిగితే ఆ ఇంట్లో గురక ఉన్నట్టే. వాళ్ళని పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెబితే చాలు, సిగ్గుపడుతూనే కొనుక్కుపోతారు. అన్నకి కూడా వారంగా ఆ పొడే ఇస్తున్నాడు. గురక నిజంగానే తగ్గింది. తగ్గాక బంతి ఎందుకురా, ఒత్తుకుపోతోంది, అలాగని తీసేస్తే మీ వదిన ఉతికేటప్పుడు చూసి తిడుతుంది, మెత్తటిదేదైనా పెట్టి కుట్టివ్వమని అన్నే అడిగాడట.

“ఇంకో వారం చప్పుడు లేకుండా పడుకుంటే నీకు చెప్పి పైకి పిలుస్తానన్నాడు వదినా. నిన్ను ప్లాస్టిక్ కవరు మీద పడుకోబెట్టడం ఆయనకి సిగ్గుగా ఉందన్నాడు.” ఆపైన మొహం చేతుల్లో దాచుకున్నాడు. “అందులో నిద్రమందు ఉందేమోనని ఆసుపత్రివాళ్ళు చెప్పాకే అనుమానం వచ్చింది. నువ్వే ఏదో చేశావనుకున్నారు వీళ్ళు. నేను నోరు మూసుకుని డిటెక్టివ్‌ని పెట్టాను.”

ఆవిడ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఆ స్పాంజి ముద్దని ఒళ్ళో పెట్టుకుని, దాన్ని మాటిమాటికీ నొక్కుతూ కూర్చుంది. అది ప్రతిసారీ మళ్ళీ గుండ్రంగా అయింది.

ఇన్‌స్పెక్టర్ ఫోను తీసి, లేడీ కానిస్టేబుల్‌ని పంపక్కర్లేదని స్టేషన్‌కి చెప్పాడు. వదినగారి జోలికి రానని నోటితో అనలేదు గానీ, ఆవిడ కూర్చున్న వైపు చూడలేక చొక్కా మడత సర్దుకున్నాడు. అతనికి కూడా అంత సిగ్గు ఉంటుందని డిటెక్టివ్ అనుకోలేదు.

కేసు తేలిపోయింది. కానీ డిటెక్టివ్‌కి ఒక సంగతి మింగుడుపడలేదు. ఆ పొట్లాలు ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయి? ఎవరెవరు కొన్నారని మరిదిని అడిగాడు. సిగ్గుపడి కొనేవాళ్ళు పేరు చెబుతారా సార్ అన్నాడు అతను. పాతవాళ్ళు తనకి గుర్తులేరు. కొట్టు మూతపడేముందు, ఆదివారం నాడు వచ్చిన ఆఖరి మనిషి మాత్రం గుర్తుంది. 

“ఒకావిడ. సింగిల్ పరుపు అడిగింది. నేను పొడి సంగతి చెబితే పరుపు వద్దని పొడే తీసుకుంది. రెండు పొట్లాలు. పాలల్లో కలిపితే రుచి తెలుస్తుందా అని అడిగింది. తెలియకుండా ఇవ్వాలట, చెబితే ఆయన కోప్పడతాడట.”

“రెండెందుకు?”

“ఒకటి మొగుడికి. రెండోది ఊరినుంచి వాళ్ళ నాన్న వస్తాడట, ఆయనకి. నవ్వుతూ చెప్పింది సార్, మావారు నడిస్తే పక్కనున్న నాక్కూడా వినపడదు, పడుకుంటే మాత్రం వీధి చివరికి వినపడుతుందని. మనిషి ఎలా ఉందంటే...” అని మరిది గుర్తుచేసుకోబోయాడు. “కళ్ళజోడు పుల్లకి దారం చుట్టి ఉంది.”

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూశాడు. ఈసారి పెదాల మీద నవ్వు లేదు.

దిమ్ముగా ఉన్న తల. నాలుగు రాత్రుల నిశ్శబ్దం. దిండు తెచ్చుకుని వచ్చి పక్కన పడుకున్న భార్య. పెళ్ళాం దొంగతనంగా వచ్చి, ఎవడో పరుపులవాడి ముందు మొగుడి గుట్టు చెప్పుకోవలసి వచ్చిందంటే, అది ఆమె తప్పా? డాక్టరుకి చూపించుకోండని అడిగిన ప్రతిసారీ కస్సుమన్నది తను. డిటెక్టివ్ సిగ్గుతో చితికిపోయాడు. కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు. భోజనాల వేళ దాటిపోయింది. మామగారు మధ్యాహ్నం ఒక కునుకు తియ్యందే ఉండరు.

అతను ఇంటికి ఫోను చేశాడు. మొదటిసారి రింగై రింగై ఆగిపోయింది. రెండోసారి భార్య ఎత్తింది. లోగొంతుకతో గుసగుసగా మాట్లాడింది.

“నెమ్మదిగా మాట్లాడండి, నాన్న పడుకున్నాడు. పాలు తాగి పడుకున్నాడు. ఎంత హాయిగా పడుకున్నాడో, చప్పుడే లేదు.”

“ఎలా పడుకున్నాడు?”

“వెల్లకిలా. ఏం?”

“లేపు. ముందు పక్కకి తిప్పు. మొహమాటపడకు, గట్టిగా తట్టి లేపు.”

ఏంటండీ, ఏమైందండీ అని ఆమె ఒకసారి అడిగింది. అతని గొంతు విని మరి అడగలేదు. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆమె చెప్పుల చప్పుడు హాల్లోకి వెళ్ళింది. నాన్నా, అని పిలిచింది. మళ్ళీ నాన్నా అంది, ఈసారి కాస్త గట్టిగా. దానికి జవాబుగా ఒక గుర్రు వినపడితే చాలునని డిటెక్టివ్ ఫోను చెవికి అదిమిపట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే అంబులెన్సుకి ఫోను చేస్తూ, ఇంటి నంబరెంత అని అడుగుతున్నాడు. డిటెక్టివ్ అది చెప్పి షట్టరు కింద నుంచి వంగి బయటపడ్డాడు. ఇన్‌స్పెక్టర్ తన జీపు స్టార్టు చేసేదాకా ఆగలేక వీధిలో పడి పరుగెత్తాడు. ఎదురింటి వాచ్‌మన్ తలుపు తీసుకుని చూశాడు. డిటెక్టివ్ బూట్ల చప్పుడు ఆ వీధి చివరిదాకా వినపడింది.